గుడ్డెలుగు నోట్లో సిమెంటు

ఇంతదాకా జరిగింది ఇది. బెల్లంపల్లి అవతల, బొగ్గుబావులు ఒక్కొక్కటే మూతపడి సగం క్వార్టర్లు పాడుబడ్డ నల్లరాయిపేటలో వందన ఒక ప్రైవేటు బడిలో ఆయమ్మ. భర్త హరీష్ దుబాయిలో ఉంటాడు. ఇంటర్ మధ్యలోనే చదువు ఆగిపోయిన వందనకు ఆశంతా కూతురు సృజన మీదే. తన కొలువుతో పాటే ఆ పిల్లకు అదే బడిలో యూకేజీ సీటు దొరికింది. కొత్త బిల్డింగు పని నడుస్తోందని బడి యజమాని జగన్మోహన్‌రావు యూకేజీ పిల్లల్ని పక్కనున్న రాళ్ల గుడిలో కూర్చోబెట్టాడు. ఊరివాళ్లు గుడి అంటారు గానీ అది తెల్లదొర కట్టించిన పాత చర్చి. కోసుగా ఉండే కమాన్లు, ఆకాశానికి గుచ్చినట్టుండే గోపురం, రంగు అద్దాల కిటికీలు. ఆ చర్చి ఉత్తరపు వసారాలో పిల్లల క్లాసు. అక్కడి నుంచి వచ్చిన సృజన గౌను భుజం మీద పసుపుపచ్చ మరక. ఎంత ఉతికినా పోలేదు, వాసనా పోలేదు. అందరూ "గబ్బిలాలు, ఏం గాదు" అన్నారు. వందనకు నిద్ర పట్టలేదు. చివరికి చర్చి వాచ్‌మన్ అంతయ్యను బతిమాలి, పైకి తీసుకుపోవడానికి ఒప్పించింది.

*

మెట్లు గోడ లోపలే ఉన్నాయి. బయట నిలబడి చూస్తే అంత మందం గోడలో మెట్లుంటాయని ఎవరూ అనుకోరు. నత్తగుల్ల లోపల ఉన్నట్టు సుడి తిరుగుతూ పైకి పోతాయి. ముందు అంతయ్య, వెనక వందన. శనివారం కదా, బడి ఒంటిపూటే. ఇంకాసేపట్లో తల్లిదండ్రుల మీటింగు. ఆలోపే దిగిరావాలి.

మొదటి మలుపులోనే వాసన కొట్టింది. సృజన గౌనుకు ఉన్న వాసనే. గౌను మీద చిటికెడు, ఇక్కడ గంపెడు. గబ్బిలాల పెంట మెట్ల మీద పేరుకుపోయింది. కాలు వేస్తే చెప్పు కింద మెత్తగా, నానిన అటుకుల మీద కాలేసినట్టు అణిగింది. వందన కొంగుతో ముక్కు, నోరు బిగించి కట్టుకుంది. అయినా ఆ వాసన గొంతులోకి దిగి, నాలుక మీద కూర్చుంది. ఇంటికి పోయాక ఇదే నాలుకతో అన్నం తినాలి.

"చెప్పిన గద బిడ్డా రాకని," అంతయ్య పైనుంచి అన్నాడు. "ఆడిపిల్లవు. నీకెందుకు గీ గలీజు?"

"గీ గలీజే నా బిడ్డ నెత్తి మీద పడుతున్నది మామా. ఆమె గూడ ఆడిపిల్లనే గదా."

అంతయ్య వీపు తిప్పి మెట్లెక్కాడు. ఆయనకు ఏదో తెలుసు. తెలిసినవాళ్లు అట్లాగే వీపు చూపించి నడుస్తారు.

మెట్ల చివర ఒక చిన్న చెక్కతలుపు. టేకు. ఇన్నేళ్లయినా చెక్కకు ఏం కాలేదు, గొళ్లెం మాత్రం కొత్తది. దానికి కొత్త తాళం. అంతయ్య తాళం తీసి తలుపును భుజంతో నెట్టాడు. తలుపు సగమే తెరుచుకుంది. అవతల నుంచి నీళ్లు గడప దాటి వందన పాదాల మీదికి వచ్చాయి. నల్లటి నీళ్లు. వెచ్చగా ఉన్నాయి. అదే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది. రాత్రంతా వాన పడింది, చల్లగా ఉండాల్సిన నీళ్లు. ఇవి రాత్రివి కావు. ఇక్కడే ఉండి ఉండి, ఎండకు మగ్గి, బతికున్నదాని ఒంటిలాగా వెచ్చబడ్డ నీళ్లు.

తలుపు అవతల ఒక సందు. ఒక పక్క చర్చి పెద్ద గోడ, రంగు అద్దాలతో పైకి లేచిపోయింది. ఇంకో పక్క నడుం ఎత్తు పిట్టగోడ. ఆ రెండింటి మధ్య, వసారా కప్పు మీద, ఒక కాలువలాంటి బాట. వాననీళ్లు ఆ బాటలో పారి, పిట్టగోడకు ఉన్న తూముల్లోంచి బయటికి దుమకాలి. అట్లా దుమకడానికే దొర కాలంలో గోడ బయట జంతువుల తలలు చెక్కారు. ఊళ్లో వాటిని కక్కుడు మొఖాలంటారు. వాన పడితే అవి నోరు తెరిచి నీళ్లు కక్కుతాయి. పెళ్లయి వచ్చిన మొదటి వానాకాలం, అత్త పోశవ్వ ఆమెను ఆ గోడ కిందికి తీసుకొచ్చి మరీ చూపించింది. పులి, అడవిపంది, మొసలి, గుడ్డెలుగు. గుడ్డెలుగును చూపించి, "గది మా తాత చెక్కింది," అని, తనే చెక్కినట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

ఇప్పుడు ఆ కాలువ నిండా నీళ్లు. మోకాలి కింది దాకా ఉన్నాయి. పైన పావురాల ఈకలు, ఒక ప్లాస్టిక్ బంతి, చచ్చి ఉబ్బిన గబ్బిలాలు. ఒకటి వెల్లకిలా తేలుతూ, చిన్న చేతుల్లాంటివి రెండూ చాపి ఉంది. పళ్లు కనబడుతున్నాయి. పొద్దున తాగిన చాయ్ పైకొచ్చింది. గోడ పట్టుకుని మింగేసింది. కక్కితే అది కూడా కిందికే పోతుంది కదా అనిపించి మింగింది.

"నీళ్లెందుకు పోతలెవ్వు మామా?"

"ఏమో బిడ్డా. ఆకులడ్డం వడ్డయేమో."

వందన చీర కుచ్చిళ్లు పైకి దోపి నీళ్లలోకి దిగింది. అంతయ్య "అయ్యో, అయ్యో" అంటూ గడప దగ్గరే ఉండిపోయాడు. ఆమె పిట్టగోడ పట్టుకుని మొదటి తూము దాకా పోయి, ముఖం పక్కకు తిప్పుకుని, చెయ్యి నీళ్లలో పెట్టి తడిమింది. ఆకులు లేవు. రాయి కాదు. నున్నగా, గట్టిగా ఏదో తగిలింది. దాని మీద వేళ్లతో మెత్తినప్పటి గీతలు. ఒకడెవడో తాపీ కూడా పట్టకుండా, పిండి మెత్తినట్టు మెత్తాడు.

సిమెంటు.

పిట్టగోడ మీదికి వంగి బయటికి చూసింది. కింద గుడ్డెలుగు తల కనబడింది. వెనక నుంచి కుక్కిన సిమెంటు నోటిదాకా వచ్చి, పళ్ల మధ్య నుంచి ఉబ్బి, కింది దవడ మీద గడ్డకట్టింది. తిననని పళ్లు బిగించిన పిల్ల నోట్లో ఎవరో ముద్ద మీద ముద్ద కుక్కినట్టు. వందన అట్లాంటి పిల్లను రోజూ చూస్తుంది, బడిలో. అట్లా కుక్కే టీచరునూ చూస్తుంది. కానీ ఆ పిల్ల ఏడుస్తుంది, ఉమ్మేస్తుంది. ఈ రాతి జంతువు ఉమ్మలేదు.

పక్కన పులికీ అంతే. మొసలికీ అంతే. ఆ వైపున్న అన్నిటికీ అంతే.

తలెత్తి ఎదురుగా చూసింది. రోడ్డు అవతల జగన్మోహన్‌రావు కొత్త ఇల్లు. గులాబీ రంగు రాతి గేటు, గేటుకు ఇత్తడి సింహాలు, గుమ్మం మీద దిష్టి గుమ్మడికాయ. గుడ్డెలుగు సరిగ్గా ఆ గేటు వైపే చూస్తోంది. ఇల్లు పోయినేడు కట్టారు. గుడ్డెలుగు మాత్రం ఆ ఇంటికి ముందు నుంచీ, ఆ ఇంటివాడి తండ్రికి ముందు నుంచీ అటే చూస్తోంది.

"మామా," వందన మెల్లగా అంది. "గివి ఎవలు మూపిచ్చిండ్రు?"

అంతయ్య తల గోక్కున్నాడు. "నేను చెప్పిన్నని అనకు. గా ఎదురుంగ దొరవారింటికి వాస్తు సూసేటాయన వచ్చిండు, కరీంనగర్ నుంచి. గీ జంతువులు నోరు తెరుసుకోని ఇంటి మీదికి సూస్తున్నయి, ఇంటి సొమ్మును మింగుతయి అన్నడట. చర్చి రిపేరు పని దొరవారే చేపిస్తుండె గదా, గా సందుల మేస్త్రీని పంపిచ్చి మూపిచ్చిండ్రు."

"చర్చోల్లు ఊకున్నరా?"

"ఊకునుడేంది, సంబురపడ్డరు! సదానందం సారు లేడా, మా సెక్రటరీ? అంతకుముందే ఎవలో ప్రసంగం చెప్పేటాయన వచ్చి, దేవుని మందిరానికి గీ దయ్యం మొఖాలేంది అని కోపం చేసిపోయిండు. సార్‌కు గదే మనసుల ఉండె. ఇద్దరికిద్దరు కలిసిండ్రు. ప్రార్థన జేసి మరీ మూసిండ్రు బిడ్డా."

వందనకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఒళ్లంతా రోత పాకింది. ఈ ఊళ్లో వీధికుళాయి పెట్టాలంటే ఒక్క మాట మీదికి రాని పెద్దమనుషులు, ఒక రాతి ఎలుగు నోరు మూయడానికి మాత్రం వాస్తు ఒకడు, వాక్యం ఒకడు పట్టుకుని కలిసిపోయారు. నీళ్లు ఎటు పోతాయని ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు.

నీళ్లు ఎటో పోతున్నాయి. అది అప్పుడు కనబడింది ఆమెకు. బాట మధ్యలో ఒకచోట ఈకలు మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాయి. వంటింటి తొట్లో నీళ్లు దిగేటప్పుడు తిరిగినట్టు. బుడగలు లేస్తున్నాయి. ఆమె అక్కడికి పోయి వంగింది. అడుగున రాళ్ల మధ్య సందు. పాతకాలం సున్నం మెత్తబడి, పాల మీగడలాగా వేలికి అంటుకుని వచ్చింది. వేలు మొత్తం లోపలికి పోయింది.

ఆ సందులోంచి మాటలు వినబడ్డాయి.

మొదట ఆమెకు అర్థం కాలేదు. నీళ్ల కింద నుంచి, రాళ్ల కింద నుంచి, సన్నగా, కలిసికట్టుగా. "ఉ... ఉడుత. ఊ... ఊయల." యూకేజీ పిల్లలు. మధ్యలో ఒక దగ్గు. వందన దాన్ని లోకంలో ఎక్కడున్నా గుర్తుపడుతుంది. నాలుగు రోజులుగా రాత్రి పక్కలో వింటున్న దగ్గు.

ఆమె నిలబడ్డ నీళ్లకు, సృజన తలకు మధ్య ఒక్క కమాను ఉంది. ఆ కమాను నానుతోంది.

*

ఫోన్‌లో వీడియో తీసి కిందికి దిగింది. చేతులు బడి కుళాయి దగ్గర సబ్బుతో రుద్దింది, మళ్లీ రుద్దింది. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. వీడియో హరీష్‌కు పంపింది. అక్కడింకా పొద్దునే. వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"ఎందుకే మనకు పెద్దోల్ల తోని? సార్ మంచోడు, నీకు కొలువిచ్చిండు. జర సప్పుడు చేయకుండుండు. అవ్వకు గూడ చెప్పకు, ఆమె నోరు తెల్సు గదా."

బిడ్డ ఎట్లుందని అడగలేదు. వందన ఆ మాటను మళ్లీ వినలేదు.

మీటింగు చర్చి నడిమధ్యలోనే పెట్టారు. బడిలో అంత జాగా లేదు. పవిత్రమైన చోటు అని ఒకప్పుడు చెప్పులు బయట విడిచేవాళ్లట. ఇప్పుడు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, వెనక బల్ల మీద సమోసాలు, నూనె ఊరిన పేపర్లు. రిపేరు పేరుతో రాతి స్తంభాలకు కింది నుంచి మనిషెత్తు దాకా తెల్ల టైల్స్ అతికించారు, బస్టాండు మూత్రశాలకు అతికించినట్టు. ఆ పైన మాత్రం నల్లరాయి అట్లాగే ఉంది. ఒక్కో స్తంభం నుంచి రాతి పట్టీలు పైకి లేచి, కొమ్మల్లాగా చీలి, కప్పు మీద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. అంత బరువు గాలిలో ఎట్లా నిలబడిందా అని తలెత్తినవాళ్లకు మెడ నొప్పి పుట్టాలి. ఎవరూ తలెత్తలేదు. సమోసాలు వేడిగా ఉన్నాయి.

ఉత్తరపు వసారాలో యూకేజీ పిల్లలు ఇంకా చాపల మీదే కూర్చున్నారు. టీచరు వాళ్ల చేత రైమ్స్ చెప్పించాలి, పెద్దలు చప్పట్లు కొట్టాలి. సృజన మొదటి వరసలో ఉంది, రెండు జడలు, భుజం మీద మరక. తల్లిని చూసి చెయ్యి ఊపింది.

జగన్మోహన్‌రావు మైకు తీసుకున్నాడు. తెల్లచొక్కా, నుదుట కుంకుమ, దూరం నుంచే అత్తరు వాసన. పక్కన సదానందం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తల్లిదండ్రులకు నమస్కారం. మన పిల్లలు ఎంత అదృష్టవంతులో చూడండి. ఇట్లాంటి బిల్డింగు హైదరాబాదులో ఉన్న బడులకు కూడా లేదు. దీన్ని గాథిక్ పద్ధతి అంటరు. ఫారిన్‌ల రాజులు కట్టించేది. మరి ఇక్కడికి ఎట్లొచ్చింది? మా తాతగారు! భూమి ఇచ్చి, గుట్ట రాయి ఇచ్చి, దగ్గరుండి కట్టించిండు..."

"ఎవలు?"

గొంతు వెనక నుంచి వచ్చింది. పోశవ్వ. ఒక చేతిలో సమోసా, ఇంకో చేతిలో చాయ్ గ్లాసు. మనవరాలి తరఫున పెద్దదిక్కుగా వచ్చి కూర్చుంది. వందన అత్తకు ఒక్క మాటా చెప్పలేదు. కానీ పోశవ్వకు కోపం రావడానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"ఎవల తాత దొరా? మీ తాతనా? మీ తాత మీ చేన్లకెల్లి రాళ్లబండ్లను పోనియ్యలే. గందుకే బండ్లన్ని వాగుల దిగి తిరిగొచ్చినయి. మా అవ్వ చెప్పేది."

నలుగురు నవ్వారు. జగన్మోహన్‌రావు కూడా నవ్వాడు, పళ్లు మాత్రమే. "పోశవ్వా, సమోస తిను. చల్లారుతది."

"తింటున్న తియ్యి. తినుకుంటనే చెప్త." ఆమె లేచి నిలబడింది. "కట్టిచ్చింది బట్రం అనే తెల్లదొర. కట్టింది మా తాత హనుమండ్లు, ఆయన జట్టు. దొర తాన ఒక బొమ్మ ఉండెనట. వాల్ల దేశంల గుడి బొమ్మ. గోడలకు రెక్కల జంతువులు, నోట్లెకెల్లి నీళ్లు కక్కుతయి. గసొంటియి చెక్కుమన్నడు. మా తాత అన్నడట, 'దొరా, నేను సూడని జంతువును నా ఉలి ఎట్ల సూస్తది? నాకు ఎరుకున్నది చెక్కుత.' దొర జరసేపు ఆలోచన జేసి సరే అన్నడు. గుడ్డెలుగు మా తాత దవడను గీరింది ఒక్కపారి, ఇప్పపూలకు పోతే. గందుకే గంత మంచిగ చెక్కిండు. పగోని మొఖం ఎవలు మరుస్తరు?"

ఈసారి అందరూ నవ్వారు. ఒకాయన "ఇంక చెప్పు అవ్వా" అన్నాడు.

"చెప్త. గీ కోసు కమాన్లు ఈడెవ్వలు కట్టలే అంతకుముందు. కింద టేకు కట్టెల చట్రం పెట్టి, మీద రాళ్లు పేర్చిండ్రు. చట్రం ఊడబీకెనాడు ఊరంత దూరం ఉరికింది, కూలుతదని. రాతిపనోల్లకు ఒక కట్టడి ఉండె. కమాను కట్టినోని ఇంటోల్లు కమాను కింద నిలవడాలె. మా తాత నిలవడ్డడు, మా అమ్మమ్మ నిలవడ్డది, సంకల నన్ను కన్న మా అవ్వ, అప్పటికి పాలు తాగే పొల్ల. కట్టెలు ఒక్కొక్కటి గుంజుతుంటే రాళ్లు కిర్రుమన్నయట. పడలే. గట్ల కట్టిండ్రు దొరా. మీరేమో దానికి సండాసు బిల్లలు అతికిచ్చిండ్రు."

చప్పట్లు పడ్డాయి. సదానందం ముఖం ముడుచుకుంది. జగన్మోహన్‌రావు మైకును ఇంకో చేతికి మార్చుకున్నాడు. అప్పుడు వందన నడిచి ముందుకు వచ్చింది. ఎప్పుడు నడిచిందో ఆమెకే తెలియలేదు. కాళ్లు ఇంకా ఆ నీళ్ల వాసన కొడుతున్నాయి.

"సార్, పిల్లలను ఆడికెల్లి లేపుండ్రి."

"ఏమైందమ్మా?"

"మీద నీళ్లు నిండినయి సార్. నేను సూసొచ్చిన. కక్కుడు మొఖాల నోర్లల్ల సిమెంటు కుక్కిండ్రు. నీళ్లు బయటికి పోక కమానుల దిగుతున్నయి. సున్నం మెత్తబడ్డది, వేలు పెడితే వేలు పోతున్నది. మీద నిలవడితే మన పిల్లల మాటలు ఇనవడుతున్నయి సార్!"

ఫోన్ ఎత్తి వీడియో చూపించింది. ముందు వరసలోని తల్లులు మెడలు చాచారు. చచ్చిన గబ్బిలం కనబడగానే ఒకామె "థూ" అని సమోసా కింద పెట్టేసింది.

"ఎవలు మూపిచ్చిండ్రు గవి?" పోశవ్వ గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "మా తాత ఎలుగును గూడనా?"

సదానందం గొంతు సవరించుకున్నాడు. "అవి దేవుని మందిరానికి తగని రూపాలు. సంఘం ప్రార్థించి తీసుకున్న నిర్ణయం. నీళ్లదేముంది, వానాకాలం పోతే ఎండిపోతయి."

"వానాకాలం పోయేదాంక పిల్లలు గీడనే కూసోవాల్నా సార్?"

సదానందం జగన్మోహన్‌రావు వైపు చూశాడు. ఆయన మైకు ఆపేశాడు. మైకు లేకుండా వచ్చిన గొంతు వేరేగా ఉంది, దగ్గరగా, ప్రేమగా. అదే అసహ్యం.

"వందనా, నీకు పరేషాన్ జాస్తి బిడ్డా. మొన్న పాలపొడిల పురుగు అన్నవ్. దాని మొన్న వ్యాను డ్రైవర్ కండ్లు ఎర్రగున్నయన్నవ్. చూసిండ్రా అమ్మా, భర్త దూరం ఉంటడు, ఒక్కతే ఉంటది, రాత్రి నిద్ర ఉండదు. దాంతోని మనసుకు అన్నీ గట్లనే అవుపడతయి." తల్లుల వైపు తిరిగాడు. "నాకు అర్థమైతది. ఆమెను ఏమనకుండ్రి."

ముందు వరసలో తలలు ఊగాయి. అయ్యో పాపం అన్నట్టు. ఇంతకుముందు థూ అన్న ఆమె కూడా ఊపింది. కింద పెట్టిన సమోసా మళ్లీ చేతిలోకి తీసుకుంది. వందనకు పైన నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు. పురుగు నిజంగానే ఉండింది పాలపొడిలో. డ్రైవర్ నిజంగానే తాగి ఉన్నాడు. ఆమె భయపడ్డ ప్రతిదీ నిజమే. నిజమైన ప్రతిసారీ ఆమెకే పిచ్చి అన్నారు.

"పురుగును మీకు చూపెట్టిన సార్. మీరే పారబోయించిండ్రు," అంది. "నాకు పిచ్చే అనుకోండ్రి. మీకు ధైర్యమున్నది గదా. మా అత్తమ్మ చెప్పింది ఇనలేదా? కట్టినోడు కింద నిలవడాలె. రిపేరు చేపిచ్చింది మీరు. పోయి గా కమాను కింద కూసోండ్రి. పిల్లలను బయటికి పంపి, మీరు ఒక్కరు కూసోండ్రి సార్. నేను నోరు మూసుకుంట."

ఎవరో కుర్చీ జరిపారు. "గట్ల చెప్పు కోడలా," అంది పోశవ్వ.

జగన్మోహన్‌రావు ముఖంలో రంగు మారడం వందన చూసింది. ఒక్క క్షణం. కళ్లు కమాను వైపు పోయాయి, తడిసి నల్లబడ్డ రాతి పట్టీ మీద ఆగి, కిందికి దిగాయి. ఆయనకు తెలుసు. కూలవచ్చని ఆయనకు తెలుసు. అది ఆమెకు అప్పుడే, ఆ చూపులోనే అర్థమైంది.

అయినా ఊరంతా చూస్తోంది. ఆయన నవ్వాడు. "గింతేనా?" అని కుర్చీ ఒకటి ఎత్తుకుని వసారాలోకి నడిచాడు. పిల్లల చాపలు దాటి, సరిగ్గా కమాను కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. టీచరు పిల్లల్ని లేపి బయటికి తోలుతోంది. వందన ఊపిరి వదిలింది. గెలిచాననుకుంది.

"ఒక్కన్నే ఎందుకు?" అన్నాడు జగన్మోహన్‌రావు. పక్కనుంచి పోతున్న పిల్లల్లో ఒకదాని చెయ్యి పట్టుకుని ఆపాడు. "రా బిడ్డా. మీ అమ్మకు భయమైతున్నదట. మనకు భయం లేదని చూపెడుదాం."

సృజనను ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు.

వందన అరిచింది. ఏమని అరిచిందో చప్పట్లలో వినబడలేదు. పరుగెత్తబోతే సదానందం అడ్డం వచ్చి, "ఏం గాదమ్మా, సార్ ఉన్నడు గదా" అని రెండు చేతులూ చాచాడు. ఆయన చేతులు మెత్తగా, చెమటగా ఉన్నాయి. ఆమె నెట్టింది. ఆయన కదల్లేదు. అవతల ఫోన్లు పైకి లేచాయి. జగన్మోహన్‌రావు గడ్డం సృజన తల మీద ఆనించి, ఉంగరాల చెయ్యి పిల్ల కడుపు మీద అడ్డంగా వేసి, ఫోన్ల వైపు నవ్వుతున్నాడు.

టప్‌మని చప్పుడైంది.

కమాను పక్క కిటికీలో నీలం అద్దం నిలువునా చీలింది. ఎవరూ రాయి వేయలేదు. గాలి కూడా లేదు. చీలిన ముక్క చట్రంలోంచి జారి, నేల మీద పడి పగిలింది. చప్పట్లు చిల్లర చిల్లరగా ఆగిపోయాయి.

పోశవ్వ తలెత్తి చూసింది. "దిగుతున్నది," అంది, ఎవరితోనూ కాదు. తర్వాత గొంతు చించుకుంది. "రాయి దిగుతున్నదిరో! పొల్లను ఇడువు దొరా! ఇడువు!"

పైన, ఎక్కడో లోపల, రాయి రాయిని ఒరుసుకుంది.

సృజన ఒళ్లోంచి దిగబోయింది. కడుపు మీది చెయ్యి దిగనివ్వలేదు.

"ఆగు బిడ్డా," అన్నాడు జగన్మోహన్‌రావు, నవ్వు చెదరనివ్వకుండా, కెమెరా వైపే చూస్తూ. "ఇంకొక్క ఫోటో."